వేపాకు పూసుకున్న పెళ్ళికొడుకు

ఆదివారం కమలాపురం నుంచి పిల్ల తరపువాళ్ళు వస్తున్నారు. అంతలోగా మెడ నున్నగా కావాలి. గురువారం పొద్దున ప్రదీప్‌కుమార్ పెట్టుకున్న పని ఇదొక్కటే.

బద్వేలులో బట్టల కొట్టు నడిపేవాడికి గీసిన గడ్డమే మర్యాద అని అతని నమ్మకం. గీసిన వెంట్రుక బయటికి రాకుండా చర్మంలోకే వంగి పెరిగేది. గొంతు నిండా ఎర్రటి పొక్కులు. వాటిని చూసే మొదటి సంబంధం వాళ్ళు కాఫీ తాగకుండా లేచిపోయారు. అందుకే తల్లి కన్యకమ్మ గంపెడు వేపాకు తెప్పించి గడప పక్కన పెట్టింది. పసుపు కలిపి నూరి, కొడుకు ముఖానికీ మెడకూ పట్టించి, ఆరేదాకా కదలొద్దని చాప మీద పడుకోబెట్టింది.

అప్పుడే ఎదురింటి భువన చక్కెర అడగడానికి వచ్చింది. గడపలో వేపాకు, చాప మీద పసుపు ముఖం, మెడ మీద పొక్కులు. చక్కెర మరిచిపోయి చెంపలు వేసుకుంది. "అమ్మవారు పోసిందా వదినా? ఒక మాట చెప్పగూడదా?" అని, జవాబుకు ఆగకుండా గంపలోంచి రెండు వేపమండలు తీసి గుమ్మానికి కట్టింది.

ఆ వీధిలో వార్తను అనుమానించే అలవాటు ఎవరికీ లేదు. మధ్యాహ్నానికి వాకిట్లో మజ్జిగ చెంబులు చేరాయి. కొట్టుకు రావాల్సిన ఆడవాళ్ళు ఇంటివైపు దండం పెట్టి పక్క కొట్టుకు పోయారు.

"అమ్మవారు కాదని చెప్పొచ్చు గదమ్మా," అన్నాడు ప్రదీప్.

"నువ్వే చెప్పు. రాలేదని నోటితో అన్నాక, ఆయమ్మ నిజంగానే వచ్చి చూపిస్తే?"

అతనూ చెప్పలేదు. ధైర్యం లేనివాళ్ళు దీన్నే భక్తి అంటారు.

ఇక నియమాలు వచ్చిపడ్డాయి. పోపు వేయకూడదు. గడ్డానికి కత్తి తగలకూడదు. శుక్రవారం పిల్ల తండ్రి నాగసుబ్బయ్య ఫోన్ చేశాడు. సంగతి అప్పటికే కమలాపురం చేరింది. అమ్మవారు దిగి, తలకు నీళ్ళు పోసినాక చూద్దామన్నాడు. మొదటి సంబంధం వాళ్ళు లేచిపోతూ అన్నదీ 'చూద్దాం' అనే. కన్యకమ్మ ఆ పూట తినలేదు.

నీళ్ళు పోసే రోజుకు గడ్డం ఒత్తుగా పెరిగింది. పాయలు తీసి వెతికినా ఒక్క పొక్కూ లేదు. అయినా ప్రదీప్ కత్తి అందుకున్నాడు. బుద్ధి పొక్కులంత తొందరగా మానదు.

అంతలో వాకిట్లో కారు ఆగింది. చెప్పకుండా వస్తేనే ఇంటి గుట్టు తెలుస్తుందని నాగసుబ్బయ్య సిద్ధాంతం. ఆయన గడ్డం గుండెల దాకా ఉంటుంది. దేవుడి మొక్కని కమలాపురమంతా గౌరవం. నేరుగా వచ్చి ప్రదీప్ గడ్డం పట్టి పైకెత్తి మెడ చూశాడు.

"మచ్చ ఒకటీ లేదే. నిజం చెప్పప్పా, అమ్మవారేనా?"

వంటింటి గుమ్మంలోంచి కన్యకమ్మ వద్దన్నట్టు చేయి ఊపింది.

"కాదు మామా. గీసుకుంటే వెంట్రుక లోపలికే పోతాది. శానా పొక్కులొస్తాయి."

నాగసుబ్బయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకూ అంతే. మొక్కుండాదని చెప్పుకుంటాండా."

సంబంధం ఖాయమైంది. గడ్డం తీయకపోతేనే తనకు సరేనని పిల్ల సుచరిత కూడా చెప్పింది.

ముహూర్తం పెట్టే రోజు భువన ఊరుకోలేదు. పెళ్ళికొడుకు గడ్డంతో పీటల మీద కూర్చోవచ్చా అని పురోహితుణ్ణి అడిగింది. మొక్కుందని మామా అల్లుడూ ఒకేసారి అన్నారు.

ఏ దేవుడికని పురోహితుడు అడగలేదు. ఆయనకూ గడ్డం ఉంది.