కోడి కింద కల్చరు

కావలి రోడ్డులోని ఆ చిన్న ఆసుపత్రిలో లేబొరేటరీ అంటే మీరావలి ఒక్కడే. 1962 వేసవిలో ఆ ఉదయం అతను తలపెట్టింది చాలా చిన్న పని. ఇంట్లో ఉన్న గాజు పళ్లెం తీసుకెళ్లి డాక్టరు పద్మనాభయ్యగారి చేతిలో పెట్టాలి, అంతే.

జువ్వలదిన్నె పడవ మనిషి పెంచలయ్య కాలిపుండు పెన్సిలిన్‌కు లొంగలేదు. ఆ చీములోని క్రిములను పళ్లెంలో పెంచి, అంటే కల్చరు చేసి, మీద రకరకాల మందుల బిళ్లలు పెడితే, ఏ బిళ్ల చుట్టూ క్రిములు పెరగవో ఆ మందు వాడవచ్చు. అది తేలకపోతే మధ్యాహ్నం రైలుకు మద్రాసు పంపేస్తానన్నారు డాక్టరు. మద్రాసంటే కాలు తీసేయడమేనని పెంచలయ్య బెంగ పెట్టుకున్నాడు.

ముందురోజు సాయంత్రం కరెంటు పోయి, క్రిములను వెచ్చగా ఉంచే పెట్టె చల్లబడింది. దిక్కుతోచక మీరావలి పళ్లేన్ని గుడ్డలో చుట్టి, తన ఇంట్లో పొదుగుతున్న కోడి కిందికి తోశాడు. ఆ కోడి పెంచలయ్య భార్య మాలకొండమ్మది. మొగుడికి తోడుగా ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చి, గంపతో సహా మీరావలి తల్లి నాగూర్‌బీకి అప్పగించింది.

తెల్లారి చూస్తే గంప లేదు.

"మాలకొండమ్మ తీసకపోయినాది నాయనా. మద్రాసు పోవాల్నంట. కోడిని ఇంటికాడ వదిలేదానికి పోయుంటాది," అన్నది నాగూర్‌బీ.

మీరావలి ఉన్నపళంగా జువ్వలదిన్నె బస్సెక్కాడు. అక్కడ ఇంటికి తాళం. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి, పళ్లెం పాడుచేసి పరారయ్యాడని ఆసుపత్రంతా తేల్చేసింది. గేటు దగ్గర స్టేషనుకు బయల్దేరిన జట్కాలో పెంచలయ్య ఉన్నాడు. పక్కన మాలకొండమ్మ, ఆమె ఒళ్లో గంప. తెల్లారకముందే గంప తెచ్చుకున్నాక ఆమె ఆసుపత్రి దాటనేలేదు.

మీరావలి నేరుగా గంపలో చెయ్యి పెట్టాడు. కోడి పొడిచింది.

"గుడ్లు ఎత్తకపోతుండాడు, చూడండయ్యా," అని మాలకొండమ్మ కేక పెట్టింది.

"గుడ్లు నాకెందుకక్కా? అయినా కోడితో మద్రాసేంది?"

"పొదిగేదాన్ని ఎవురికి వదిలి పోయేది?"

ఈ గొడవకు డాక్టరుగారు బయటికొచ్చారు. మీరావలి రెట్ట అంటిన గుడ్డ విప్పి పళ్లెం అందించాడు. ఆయన ముక్కు మూసుకుని దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. పెన్సిలిన్ బిళ్లను ఆనుకుని క్రిములు దట్టంగా పెరిగాయి. టెట్రాసైక్లిన్ బిళ్ల చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత మేర ఒక్క క్రిమీ లేదు.

"జట్కా వెనక్కి తిప్పండి. ఇక్కడే నయం చేద్దాం," అన్నారు. మీరావలికి ఏడుపొచ్చినంత పనైంది.

పుండు మానింది. ఏ మందుతో మానిందో డాక్టరుగారు విడమరిచి చెబితే పెంచలయ్య శ్రద్ధగా విన్నాడు. విని, కోడికి దండం పెట్టి, సొంత కాళ్ల మీద నడిచి ఇంటికి పోయాడు.

మరుసటి వారం ఆసుపత్రిలో చేరడానికి వచ్చినవాళ్లంతా కోళ్లతో వచ్చారు.