లిఫ్టులో అంటించిన ప్రమాదం

ఆ ఆదివారం ప్రళయంగారి పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదింటికి అపార్ట్‌మెంటు వాళ్ళందరిచేత మానవజాతి మనుగడ కోసం చేతులెత్తించడం, అంతే. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. మహమ్మారులూ అణుయుద్ధాలూ వచ్చి భూమ్మీద మనిషన్నవాడే మిగలకుండా పోయే ముప్పును తగ్గించాలని ప్రచారం చేసే సంస్థలో ఉద్యోగం కావడంతో ఇరుగుపొరుగు ఈ పేరు ఖాయం చేశారు. పాపం, ఇంతవరకు ఆయన సభల్లో కుర్చీలే ఉపన్యాసం విన్నాయి. ఈసారీ జనం రాకపోతే శాఖ మూసేస్తానని చెప్పిన పై అధికారిణి, కళ్ళారా చూడ్డానికి తనే వస్తోంది.

అందుకే అందరి కళ్ళూ పడే చోటు వెతికి మరీ, ముందురోజే లిఫ్టులో కాగితం అంటించాడు: "మనమంతా ప్రమాదంలో ఉన్నాం. ఇకనైనా మేలుకోకపోతే ఒక్కరూ మిగలరు. రేపు పదింటికి కింద ఆవరణలో కలుద్దాం."

లిఫ్టులో నిలబడి ఆ మాట చదివినవాళ్ళకు మానవజాతి గుర్తొస్తుందా ఎక్కడైనా? నాలుగో అంతస్తు పంతులమ్మ రెండో అంతస్తులోనే దిగిపోయి, మిగతా మెట్లు రొప్పుతూ ఎక్కింది.

"లిఫ్టు తాడు తెగబోతోందట!" అంది ఎదురైన దర్జీతో.

దర్జీ ఇంటికెళ్ళి, "తాడేం ఖర్మ, స్తంభాలే బీటలిచ్చాయట" అన్నాడు. అక్కణ్ణించి గోరంత కొండంతైంది. తెల్లారేసరికి పరుపులు, కుట్టుమిషను, ఫ్రిజ్జులు మెట్లమీదుగా దిగి ఆవరణలో కొలువుతీరాయి.

పదింటికి కిందికొచ్చిన ప్రళయానికి ఇసకేస్తే రాలనంత జనం కనిపించారు. ఆనందంతో ఆయన కళ్ళు చెమర్చాయి.

"పరుపులతో సహా వచ్చారేంటండీ?" అంది అధికారిణి ఆశ్చర్యంగా.

"ఎంతసేపైనా విందామని మేడమ్!" అని ఆయన మైకు అందుకున్నాడు. "ఇది మన ఒక్క ఇంటి సంగతి కాదు. మనిషి జాతే తుడిచిపెట్టుకుపోవచ్చు!"

అపార్ట్‌మెంటు సెక్రటరీ లేచాడు. "అంటే బిల్డింగు కూలిపోదా?"

"బిల్డింగుకేం, నిక్షేపంగా ఉంటుంది. పోయేది మనుషులే."

"మరి లిఫ్టో?"

"అదీ ఉంటుందండీ."

"అమ్మయ్య! ప్రపంచమేనా! హడలగొట్టి చంపారు కదయ్యా!"

ఆవరణంతా ఊపిరి పీల్చుకుంది. ఇదే అదనని అధికారిణి, "ఈ పనికి మద్దతిచ్చేవాళ్ళు చేతులెత్తండి" అంది. ఆ సంబరంలో కొందరు రెండు చేతులూ ఎత్తారు.

"శాఖ ఉంటుందండీ" అంది ఆవిడ.

"సంతోషమే గానీ, ఈ సామానంతా ఎవరెక్కిస్తారు?" అంది ప్రళయం భార్య.

"భయపెట్టిన ఆయనే!" అన్నారందరూ ముక్తకంఠంతో.

పంతులమ్మ పరుపు, దర్జీ కుట్టుమిషను, సెక్రటరీ ఫ్రిజ్జు లిఫ్టులోకి ఎక్కించి ప్రళయం తనూ ఎక్కాడు. ఇంత మద్దతు చూశాక మనసాగక, నేనూ ఓ చెయ్యేస్తానంటూ అధికారిణి కూడా ఎక్కింది. బరువుకు లిఫ్టు రెండో అంతస్తు దాటి, మూడోది అందకుండా ధన్‌మని ఆగిపోయింది.

"ఎవరైనా రండయ్యా! ప్రమాదం! ప్రమాదం!" అని ప్రళయం గొంతు చించుకున్నాడు.

"తెలుసులెండి, మానవజాతికేగా! ఇందాకే చేతులెత్తాంగా!" కిందనుంచి దర్జీ గొంతు తాపీగా వినిపించింది.

లిఫ్టు మెకానిక్కుకు సాయంత్రం ఫోను చేసింది పంతులమ్మ ఒక్కతే, అదీ నడుం వాల్చుదామంటే పరుపు కనబడక.