మూలలు లాగకండి

ఒక పెద్ద అడవిలో ఉత్తరాలు పంచే కాకికి ఏ ఇల్లు ఎవరిదో తెలిసేది కాదు. ఎలుకగారి పెళ్ళి శుభలేఖ ఎలుగుబంటికి అందేది. ఎలుగుబంటికి రావలసిన తేనె కబురు ఉడుతకు చేరేది. గొడవలు ముదిరి సభ దాకా వెళ్ళాయి. ఇకమీదట ప్రతి గుమ్మానికీ పేరు బోర్డు ఉండాలని సింహంరాజుగారు హుకుం జారీ చేశారు.

ఆ పని గిజిగాడు పోగయ్యకు అప్పగించారు. నేతలో అతను చేయి తిరిగినవాడు. పక్షి కాబట్టి ముక్కు తిరిగినవాడు అనాలేమో.

పని పైకి కనిపించినంత తేలిక కాదు. ఎలుక కన్నం బెత్తెడు. ఏనుగుల వాకిలి ఊరేగింపు పట్టేంత. కొండముచ్చు తొర్ర నిలువుగా ఉంటుంది. ఒక్కొక్క గుమ్మానికి ఒక్కొక్కటి నేస్తే పోగయ్య జీవితం చాలదు. మూడు రోజులు తిండి సంగతి మరిచిపోయి ఆలోచించి, చివరికి గడ్డిపోగులతో ఒక చిన్న చాప నేసి, సభ కార్యదర్శి నక్క జంబయ్య దగ్గరకు పట్టుకెళ్ళాడు.

"దీన్ని తొమ్మిది గళ్ళుగా నేశానండీ," అన్నాడు ఉత్సాహంగా. "నాలుగు మూలల్లో పువ్వులున్నాయి, అవి బిగుతు ముడులు, సాగవు. అంచులు ఒకవైపే సాగుతాయి. నడిమి గడి అన్నివైపులా సాగుతుంది, అందుకే ఖాళీగా ఉంచాను. బోర్డు బిగించాక అక్కడ ఇంటివాళ్ళు పేరు రాసుకుంటారు. అంచున నల్లపోగు ఉన్నచోట పట్టుకు లాగితే ఏ గుమ్మానికైనా సరిపోతుంది. పువ్వులు చెక్కు చెదరవు."

జంబయ్య చాపను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంతా బానే ఉందయ్యా. రాజుగారి మొహమేదీ?"

"కావాలంటే ఒక మూలన పెడతానండీ. అక్కడైతే చెడదు."

"రాజుగారిని మూలన కూర్చోబెడతావా? నీకెన్ని గుండెలు! నడుమ పెట్టు."

"నడుమ పెడితే సాగిపోతుందండీ."

"రాజుగారు నాలుగు వైపులా విస్తరిస్తే నీకేం నొప్పి?"

"మరి ఇంటివాళ్ళ పేరు?"

"రాజుగారి మొహం చూశాక ఇంకెవరి పేరు కావాలయ్యా జనానికి?"

పోగయ్య నడిమి గడిలో రాజుగారి మొహం నేశాడు. జంబయ్య దాన్ని తన గుమ్మానికే తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బ్రహ్మాండంగా ఉంది. నల్లపోగులు మసిలా కనిపిస్తున్నాయని మాత్రం పీకించేశాడు. ఆ నమూనా చూసి కోతులు అడవికంతా బోర్డులు నేసి, దొరికినచోటల్లా పట్టుకు లాగి బిగించాయి.

కొండముచ్చు తొర్ర మీద రాజుగారు పొట్లకాయంత పొడుగయ్యారు. ఏనుగుల వాకిలి మీద బుగ్గలు చెరో చేటంత అయ్యాయి. అది చూసి ఏనుగు గున్నమ్మ కాకిని పిలిచింది.

"ఏమే, రాజుగారికి గవదబిళ్ళలు లేచాయా? పసుపు పట్టు వేయమని చెప్పలేకపోయావా?"

ఆ మాట రాజుగారి చెవిన పడింది. ఆయన గర్జనకు సభ వణికిపోయింది.

జంబయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "బొమ్మలో తప్పు లేదు ప్రభూ. నా గుమ్మం మీద చూడండి, అచ్చు తమరే. అడవిలో గుమ్మాలే కొలత తప్పాయి. వచ్చే బేస్తవారానికల్లా అన్నిటినీ నా గుమ్మం కొలతకు తెస్తే సరి."

రాజుగారికి ఇది ఎంతో సబబుగా తోచింది.

ఆ హుకుం విని పోగయ్య గూటికి ఎగిరాడు. గూట్లో మూడు పిల్లలున్నాయి, ఇంకా కళ్ళు తెరవలేదు. పాము దూరకుండా గూటి మూతి సన్నటి గొట్టంలా నేసుకున్నాడు.

"నక్క గుమ్మమంత మూతి పెడితే పిల్లలు ఎక్కడ నిలుస్తాయయ్యా?" అంది భార్య గరికమ్మ ఏడుస్తూ. "పాము చుట్టంలా తిన్నగా లోపలికొస్తుంది."

పోగయ్య పరుగున వెళ్ళి జంబయ్య కాళ్ళు పట్టుకున్నాడు. "చట్టం ముందు గుమ్మాలన్నీ సమానం," అన్నాడు జంబయ్య కాళ్ళు వెనక్కి తీసుకుంటూ. తిరిగొస్తుంటే పోగయ్యకు ఏడుపుకన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

బేస్తవారం రానే వచ్చింది. అందరికీ ఆదర్శంగా ఉండాలని మొదట రాజుగారి గుహ గుమ్మాన్నే కుదించారు. ఆయన లోపల జూలు దువ్వుకుంటుండగా కోతులు గుమ్మానికి రెండువైపులా రాళ్ళు పేర్చేశాయి. బయట అడవి అంతా చేరింది. రాజుగారు ఠీవిగా బయలుదేరారు. తల సగం వచ్చి అక్కడే ఇరుక్కుంది. బుగ్గలు చెరోవైపు సాగాయి, కళ్ళు చెవుల దగ్గరికి పోయాయి.

"అమ్మయ్య," అంది గున్నమ్మ. "ఇప్పుడు అచ్చు మా బోర్డు మీద ఉన్నట్టే ఉన్నారు."

జంబయ్య కంగారుగా కోతులను ఉసిగొల్పాడు. కొన్ని రాజుగారి చెవులు పట్టుకు గుంజాయి. కొన్ని గుమ్మం మూలరాళ్ళు కదిలించబోయాయి. పైకప్పు నుంచి మట్టి రాలింది.

"మూలలు లాగకండి! గుహ కూలుతుంది!" పోగయ్య రెక్కలు టపటపలాడిస్తూ అరిచాడు. "పక్కల నడిమి రాళ్ళు తీయండి, చాలు!"

గున్నమ్మ తొండంతో చెరోవైపు రెండు రాళ్ళు లాగేసింది. రాజుగారు బయటపడి చాలాసేపు బుగ్గలు తడుముకున్నారు.

"నా మొహం చెడకుండా ఉండాలంటే ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు.

"మూలన, ప్రభూ," అన్నాడు పోగయ్య. "ఆ రోజే మనవి చేశాను."

గుమ్మాల హుకుం ఆ క్షణమే రద్దయింది. రాజుగారు పై మూలకు వెళ్ళారు, నడిమి గడిలోకి పేర్లు వచ్చాయి. పోగయ్య గూటి మూతి సన్నగానే మిగిలింది, పిల్లలు నాలుగు రోజుల్లో కళ్ళు తెరిచాయి. వాళ్ళు కళ్ళు తెరిచిన సాయంత్రమే కాకి బోర్డు చదువుకుని, ఎవరినీ అడగకుండా, తిన్నగా ఆ గూటికే ఉత్తరం తెచ్చింది. బోర్డు పెట్టాక సరైన ఇంటికి చేరిన మొదటి ఉత్తరం అదే. గరికమ్మ ముచ్చటగా విప్పింది.

'మూలల గొప్పతనం కార్యదర్శి జంబయ్యగారు కనిపెట్టినందున, మిగిలిన మూడు మూలల్లోనూ వారి బొమ్మ నేయవలెను. ఈ సంగతి సభకు ముందుగా ఎందుకు తెలియజేయలేదో మీరు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

నీతి: మంచి సలహాకు చెప్పేవాడి తెలివి చాలదు, వినేవాడు ఒకసారి గుమ్మంలో ఇరుక్కోవాలి.