సమాన గుద్దుల శాసనం

“ఈ జిల్లాలో ఇకమీదట ఎవరు ఎవరిని గుద్దినా నిష్పక్షపాతంగానే గుద్దవలెను” అని ఏకాంబరంగారు ప్రకటించిన రోజున చిత్తూరు చప్పట్లతో దద్దరిల్లింది. అంతకు ముందు గుద్దులు తిన్నవాళ్లు కూడా, తమ కాలంలో ఈ సౌకర్యం లేకపోయిందే అని కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు.

అది 1944. యుద్ధనిధికి ఊరూరా ముష్టి ఎత్తి అలసిపోయిన ఏకాంబరంగారికి, ఏకంగా ముష్టియుద్ధమే పెట్టేస్తే నిధికి డబ్బూ తమకు పేరూ ఒక దెబ్బతో వస్తాయని తోచింది. వెంటనే ముష్టియుద్ధ న్యాయ సంఘం పుట్టింది. దానికి వారే ప్రెసిడెంటు. ప్రెసిడెంటు ఎన్నిక కూడా నిష్పక్షపాతంగా జరిగింది. ఆ సమయంలో రెండో పక్షమనేది గదిలో లేదు.

బహుమతి ఒక మైసూరు ఎద్దు.

ఫైనలుకు ఇద్దరు మిగిలారు. ఒకరు మునికృష్ణ, ఏకాంబరంగారి బావమరిది. ఆయనతో తలపడవలసిన వాళ్లందరికీ సరిగ్గా పోటీ నాడే జ్వరాలు రావడం వల్ల, ఒక్క గుద్దూ గుద్దకుండా ఫైనలు దాకా వచ్చిన అహింసావాది. రెండోవాడు పూతలపట్టు ఓబయ్య, బండి తోలుకునే సేద్యగాడు. వాడి జతలో ఒక ఎద్దు వేసవిలో గాలికుంటు రోగంతో పోయింది. మిగిలిన ఒంటెద్దుతో మడక కదలదు, దుక్కి సాగదు. నాలుగు రోజుల్లో వాన పడేట్టుంది.

“నాకు గెలుపొద్దు సామీ, ఎద్దు కావల్ల,” అన్నాడు ఓబయ్య పేరు రాయించుకునేటప్పుడు.

“గెలిస్తేనే ఎద్దు అబ్బా. రూల్సంటే రూల్సే!” అన్నారు ఏకాంబరంగారు.

మొదటి రూలు, ఇద్దరి బరువూ సమానంగా ఉండాలి. వేరుశెనగ మండీ కాటాలో తూచితే మునికృష్ణ ఎనిమిది మణుగులు, ఓబయ్య ఐదు. మునికృష్ణలోంచి మూడు మణుగులు తీసేయడానికి వాళ్లమ్మ ఆనందమ్మ ఒప్పుకోలేదు. కాబట్టి మూడు మణుగుల ఇసక మూట ఓబయ్య వీపుకు కట్టారు.

“బస్తాలు మోసినోడివే గదప్పా, నీకిది లెక్కా?” అన్నారు ఏకాంబరంగారు.

“లెక్క లేదు సామీ. అయితే బస్తా మోసేటప్పుడు ఎవురూ గుద్దరు.”

రెండో రూలు, ఆయుధాలు సమానం. మద్రాసు నుంచి ఒకటే జత గ్లౌజులు వచ్చాయి. తలా ఒకటి పంచారు. కుడిది మునికృష్ణకు, ఎడమది ఓబయ్యకు. గ్లౌజు లేని చెయ్యిని వెనక్కి కట్టేయాలి. ఓబయ్యది ఎడమచేతి వాటమేమో అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఫారములో లేదు.

మూడో రూలు అన్నిటికంటె గొప్పది. పోటీని కళ్లతో చూసినవాడికి పక్షపాతం పుడుతుందని ఏకాంబరంగారు కనిపెట్టారు. అందుకని ముగ్గురు జడ్జీలనూ ఫర్లాంగు దూరాన సత్రంలో, రింగుకు వీపులు పెట్టి కూర్చోబెట్టి, వాళ్ల నెత్తిన లౌడ్‌స్పీకరు గొట్టం కట్టారు. తటం మీద కూర్చున్నవాణ్ణి తటస్థుడంటారు. వీళ్లకు తటం కూడా కనపడదు.

మైకులో పోటీని వర్ణించే పని, గొంతు పెద్దదని, నాకు అప్పగించారు. యుద్ధకాలంలో ముందుగా సెన్సారులో పాసు కాని మాట మైకులో పలకరాదు గనక, ఏకాంబరంగారే ముందు రోజు వర్ణన రాసి, తామే పాసు చేసి, నా చేతికిచ్చారు. మొదటి రౌండులో చెరి పదకొండు గుద్దులు. రెండో రౌండులో చెరి పదకొండు. మూడో రౌండు: “ఓబయ్య దవడపై దెబ్బ తిని స్పృహ తప్పి పడిపోవును. మునికృష్ణ చిరునవ్వు నవ్వును.”

“వాళ్లు ఇట్లే కొట్టుకోకపోతే ఏం చేయాలండీ?” అని అడిగాను.

“అది వాళ్ల తప్పు. రాతలో తప్పు లేదు గదా?”

ఈల మోగింది. ఇసక మూట ఎటు ఊగితే ఓబయ్య అటు ఊగాడు. “పక్కకు పో అబ్బా, మూట లాగతా ఉండాది!” అని పాపం మంచిగానే హెచ్చరించాడు. ఎదుటి మనిషి పోలేదు. ఎడమచెయ్యి, దాని వెనక ఐదు మణుగుల ఓబయ్య, ఆ వెనక సంఘం వారి మూడు మణుగుల ఇసక, అన్నీ కలిసి మునికృష్ణ దవడ మీద దిగాయి.

మునికృష్ణ పడుకున్నారు. నేను అప్పటికి రెండో గుద్దు చదువుతున్నాను.

ఏకాంబరంగారి వైపు చూశాను. చదవమని చెయ్యి ఊపారు. మిగిలిన గుద్దులన్నీ చదివాను. ఆనందమ్మ కొడుక్కి విసనకర్రతో విసురుతూ ఉంది. రింగు పక్కన ఓబయ్య భార్య నాగులమ్మ మొగుడికి మజ్జిగ ఇచ్చింది. “ఓబయ్య స్పృహ తప్పి పడిపోవును” అని నేను చదివేసరికి ఆమె నొచ్చుకుంది.

“ఏమయ్యా, పడిపోయినావంట. అంత పెద్దాయన సదవతా ఉంటే కూసోనన్నా కూసో!”

ఓబయ్య మర్యాదగా కూర్చున్నాడు.

సత్రం నుంచి చీటీ వచ్చింది: “మునికృష్ణ విజయం. ఏకగ్రీవం.” పోటీ రిపోర్టు అప్పటికే పైకి, దొరల దగ్గరికి వెళ్లిపోయింది, ముందు రోజు టపాలో.

విజేతను ఆసుపత్రికి చేర్చాలి. మోటార్లకు పెట్రోలు లేదు. దగ్గర్లో ఉన్నది ఓబయ్య బండి ఒక్కటే, దానికున్నది ఒక్క ఎద్దు. “బహుమతి ఎద్దును రెండో పక్క కట్టు, బిరిన పో!” అని అరిచారు ఏకాంబరంగారు. ఓబయ్య కట్టాడు. మునికృష్ణను కుదుపు లేకుండా తీసుకుపోయి, ఆసుపత్రి అరుగు మీద మెల్లగా దించి, అట్నుంచి అటే పూతలపట్టు పోయాడు.

మూడోనాడు స్పృహ రాగానే మునికృష్ణ, తన బహుమతి ఎద్దు పోయిందని ఫిర్యాదు పెట్టారు. అదే సత్రంలో, అదే జడ్జీలు. పెద్ద జడ్జి పెంచలయ్యగారు రికార్డు తెరిచారు.

“ఎద్దును ఎవురు తోలుకుపోయింది?”

“ఓబయ్య.”

“ఎప్పుడు?”

“పోటీ అయిన వెంటనే.”

“ఆ టయానికి ఓబయ్యకు స్పృహ లేదు. ఈడ రాసుండాది సూడు.”

“స్పృహ లేనిది నాకు సామీ!”

“అట్లనా? అయితే గెలిచిందెవురు?”

మునికృష్ణ బావ వైపు చూశారు. బావ దూలాల వైపు చూశారు.

“పడింది నువ్వేనని కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేస్తావా? చేస్తే రిపోర్టు తిప్పి రాస్తాం.”

“వద్దు, వద్దు! పైకి పోయిన రిపోర్టు కిందికి రాదు!” అని ఏకాంబరంగారే అడ్డుపడ్డారు.

స్పృహ లేని మనిషి ఎద్దులు కట్టలేడు గనక ఫిర్యాదు కొట్టివేయడమైనది. పైగా, పోటీలో గాయపడిన ఓబయ్యను సంఘం తరఫున పరామర్శించి ఆరోగ్య పరిస్థితి రాసుకు రమ్మని నన్ను పంపారు. అర డజను బత్తాయిలు కూడా ఇచ్చారు.

ముందు రోజే వాన పడింది. ఓబయ్య చేనులో మడక తోలుతున్నాడు, జత ఎద్దులతో. గట్టున నిలబడి బత్తాయిలు చూపించి, కాగితం తీసి, ఒంట్లో ఎలా ఉందని అడిగాను.

ఓబయ్య మడక ఆపలేదు.

“ఇంగా తెలివి రాలేదని రాసుకోండి సామీ. శెనక్కాయ పెరికేదాకా రాదేమో!”

అలాగే రాసుకున్నాను. పాసయింది.