బావమరిది పొడి ఆవిరి

ఆ రోజు ఉదయం ఇస్త్రీ షాపు యజమాని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికల్లా నలభై తెల్ల కోట్లు ఒక్క ముడత లేకుండా హ్యాంగర్లకు ఎక్కాలి. హోటలు మేనేజరమ్మ వచ్చి చూస్తుంది. నచ్చితే ఏడాది పొడుగునా హోటలు బట్టలన్నీ ఈ షాపుకే, నచ్చకపోతే ఎదురు షాపుకే. రెండు నెలలుగా కొట్లో కూర్చుని ఈగలు తోలుకుంటున్న మనిషికి ఇంతకంటే పెద్ద లెక్క అక్కర్లేదు.

చిక్కల్లా ఆవిరి ఇస్త్రీపెట్టెతోనే. బాయిలరు పెరట్లో ఉంటుంది, ఇస్త్రీ బల్ల ముందుగదిలో. మధ్యలో పొడుగాటి గొట్టం. ఆవిరి దారిలోనే చల్లబడి, బల్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్ల చుక్కలు ఉమ్ముతుంది. తెల్ల కోటు మీద ఒక్క చుక్క పడితే చాలు, తుప్పు రంగు మచ్చ.

సరిగ్గా అప్పుడే, సెలవు రోజు కదా అని, విద్యుత్ కేంద్రంలో టర్బైన్ల దగ్గర పనిచేసే బావమరిది టిఫినుకు దిగాడు.

"అది ఆవిరి కాదు బావా, సగం నీళ్లు," అన్నాడు ఇస్త్రీపెట్టె వంక జాలిగా చూసి. "మా ప్లాంటులోనూ ఇదే గోల. మొదటి టర్బైన్ని తిప్పి బయటికొచ్చేసరికి ఆవిరి తడిసి ముద్దవుతుంది. అలాగే రెండోదాన్లోకి పంపితే ఆ చుక్కలు బ్లేడ్లను కొరుక్కు తినేస్తాయి."

"మరి మీరేం చేస్తారు?"

"మధ్యలో ఇల్లంత డబ్బా పెడతాం. లోపలంతా వంకర రేకులు. ఆవిరి తేలిక కాబట్టి మలుపులు తిరిగి వెళ్లిపోతుంది. నీటిచుక్క బరువు, తిరగలేక రేకుకు గుద్దుకుని కిందికి జారుతుంది. దాన్ని అడుగు గొట్టంలోంచి బయటికి పంపేస్తాం. మిగిలిన ఆవిరిని, అంతకంటే వేడి ఆవిరి నడిచే గొట్టాల మీదుగా పోనిస్తాం. పొడిపొడిగా అయిపోతుంది."

"అంటే ఆవిరిని ఆవిరితోనే ఆరబెడతారా? జీతం తీసుకుని?"

"నవ్వకు బావా. గంటలో నీకూ ఒకటి చేసి పెడతా. ఖర్చు నాది."

'ఖర్చు నాది' అన్న మాట చెవిన పడ్డాక ఆ యజమాని ఎవరి విద్యనూ శంకించడు.

తొమ్మిదికల్లా డబ్బా తయారై బల్ల పక్కన గొట్టానికి బిగిసింది. లావుపాటి పాత గొట్టం ముక్క, అందులో వంచిన రేకులు, వాటి పైన బాయిలరు నుంచి నేరుగా వచ్చే వేడి ఆవిరి తిరిగే రాగి చుట్ట. అడుగున నీళ్లు పోయే సన్న గొట్టాన్ని కిటికీలోంచి పెరట్లోకి వదిలాడు. మీట నొక్కితే ఇస్త్రీపెట్టె హుస్సుమంది. ఒక్క చుక్క రాలలేదు. బావమరిది లేని మీసం దువ్వుకున్నాడు.

అయితే ముడతలు కూడా కదల్లేదు.

"ఇదేమిటోయ్, పెట్టె మూడుసార్లు వెళ్లొచ్చినా ముడత లేవకుండా పడుకునే ఉంది?"

"వేడి చాలట్లేదు బావా." బావమరిది చుట్టలోకి ఇంకాస్త ఆవిరి వదిలాడు. గుడ్డ అప్పడంలా ఎండింది. ఇంకాస్త వదిలాడు. పదిన్నరకు పన్నెండు కోట్లు పూర్తయ్యాయి. పన్నెండూ ఎవరో వేసుకుని పడుకుని లేచినట్టున్నాయి.

ఇదిలా ఉండగా పెరట్లో సన్న గొట్టం తన పని తాను చేసుకుపోతూ నీళ్లు కారుస్తోంది. పక్కింటి దర్జీ గోడ మీదుగా కేకేశాడు. "ఏంటమ్మా ఇది! నా గుడ్డల మూటల కిందికి నీళ్లొస్తున్నాయి!"

యజమాని భార్య వచ్చి చూసింది. కొత్త గొట్టం, దానికి కారుడు. మొగుడూ తమ్ముడూ కలిసి బిగించిన గొట్టం కారకపోతేనే ఆశ్చర్యం అనుకుని, కర్రముక్కకు గుడ్డ చుట్టి గొట్టం మూతిలో దిగ్గొట్టింది.

"ఏవండీ, కారేది ఆపేశాను!" అని అరిచింది.

వంటింటి కుళాయి అనుకున్నాడాయన. "మంచి పని చేశావ్!" అని మెచ్చుకున్నాడు.

దారి మూసుకుపోయిన నీళ్లు డబ్బాలోనే నిండాయి, రేకులు మునిగాయి. లోపల ఎవరో పుక్కిలిస్తున్నట్టు చప్పుడు. "ఆవిరి హుషారు మీదుంది," అన్నాడు బావమరిది. అంతలో పావుగంట ముందే మేనేజరమ్మ వచ్చేసింది. హ్యాంగర్ల వైపు చూసి కనుబొమలు పైకెత్తింది.

బావమరిది అడ్డుపడ్డాడు. "అవి చూడకండి మేడం, ఆవిరిని చూడండి! మీ కోటు ఒక్కసారి ఇటివ్వండి. చుక్క పడితే నన్నడగండి."

ఆవిడ నల్లకోటు విప్పి ఇచ్చింది. హ్యాంగరుకు తగిలించి, ఇస్త్రీపెట్టెను గురిపెట్టి, మీట నొక్కాడు. అరబకెట్ నీళ్లు కోటును నిలువునా తడిపి గోడను కొట్టాయి.

"అడుగుతున్నాను," అంది మేనేజరమ్మ. "పన్నెండింటికి మా ఓనర్లతో మీటింగు. ఏం వేసుకుని వెళ్లమంటారు?"

ఎదురు షాపు బోర్డు యజమానికి ఎన్నడూ లేనంత పెద్దగా కనపడింది. చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన భార్య, సంగతి విని నుదురు కొట్టుకుంది.

"ఒరేయ్, నేను మూసింది నీళ్లు పోయే దారా! ముందే చెప్పొద్దూ?" పెరట్లోకెళ్లి కర్రముక్క పీకేసి వచ్చి, కోట్ల వంక చూసింది. "ఇవేంటిరా ఇలా ఉన్నాయి? గుడ్డ కాస్త తేమ తాగితేనే కదా ముడత వదిలేది! నీళ్లు తీసేది ఉండనీ. ఎండబెట్టేది ఆపెయ్."

"అక్కా, గొప్పతనమంతా ఆ చుట్టలోనే ఉంది..."

"అయితే నీ గొప్పతనం మూసెయ్."

మూశాడు. యజమాని భార్య నల్లకోటును తువ్వాలుతో ఒత్తి బల్ల మీద పరిచింది. ఈసారి ఆవిరి మెత్తగా వచ్చింది, చుక్క మాత్రం రాలేదు. చేతుల మడత కత్తి అంచులా తేలింది. అదే ఊపులో చేతికందిన తెల్లకోటు ఒకటి లాగి రెండు నిమిషాల్లో అద్దంలా చేసి పెట్టింది.

మేనేజరమ్మ కోటు తొడుక్కుని అద్దంలో ముందూ వెనకా చూసుకుంది. "నలభై కోట్లూ ఇలాగే ఉంటాయా?"

"రెండింటికల్లా హోటల్లో ఉంటాయి," అంది యజమాని భార్య.

"సరే, ఏడాదికి మీకే ఇస్తున్నాం. ఒకటే షరతు. ఇస్త్రీ మీరు చెయ్యాలి. ఆ అబ్బాయి మా బట్టల చుట్టుపక్కలకు రాకూడదు."

ఆవిడ వెళ్లాక యజమాని బావమరిది భుజం తట్టాడు. "నీ డబ్బాలో సగం పనికొచ్చిందోయ్."

"నిజంగానా బావా?" బావమరిది మొహం వెలిగింది. "మా ప్లాంటులో మా ఆఫీసరు ఆ సగం కూడా ఒప్పుకోడు."

చుట్టాల సాయంలో సగం అక్కరకొస్తే, ఆ ఇంట్లో అది లాభం కిందే లెక్క.