కోటకు వీపు, ఫోనుకు ముఖం

సంచి సర్దేటప్పుడు అన్నిటికంటే ముందు పెట్టాల్సింది పవర్ బ్యాంకు. మందులు, దుప్పటి, టార్చిలైటు, సున్నుండల డబ్బా, అన్నీ ఆ తర్వాతే. మా మనవరాలు సాయిప్రియ సంచి నేనే సర్దాను కనుక అనుభవంతో చెబుతున్నాను. దోమలకు ఒక ట్యూబు, జలుబుకు ఒక సీసా, ఎందుకైనా మంచిదని ఒక తాడు, తాడు తడిస్తే ఇంకో తాడు పెట్టాను. జిప్పు పట్టలేదు. సంచి మీద కూర్చుని వేశాను.

"అమ్మమ్మా, నేను పోయేది నాలుగు రోజుల క్యాంపుకి. వనవాసానికి కాదు" అంది.

"వనవాసమైతే ఫలానా ఏటికి తిరిగొస్తారని ఒక లెక్కన్నా ఉంటుందే. క్యాంపుకి ఏముంది?" అన్నాను.

సాయిప్రియ హైదరాబాదులో చరిత్ర చదువుతోంది. పినపాక దగ్గరి అడవిలో రాకాసి గుళ్లున్నాయి. పేరుకు గుళ్లే కానీ అవి ఎప్పటివో సమాధులు, పెద్ద పెద్ద బండలను గూడులా నిలబెట్టి పైన ఇంకో బండ కప్పినవి. వాటి కొలతలు తీయడానికి కాలేజీవాళ్లు పిల్లలను తీసుకెళ్తున్నారు. ఇన్ని వేల ఏళ్లుగా ఆ బండలు ఎటూ పోలేదు కదా, వాటి కోసం మనుషులు పోవడమేమిటని నేను అడిగాను.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. వెళ్లే ముందురోజు ఖమ్మం ఖిల్లాకు రావాలి. అక్కడ నాతో ఒక సెల్ఫీ దిగాలి. ముఖం పూర్తిగా పడాలి. కళ్లు తెరిచి ఉండాలి. రెండు చెవులూ కనిపించాలి!

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పాఠకులారా, సెల్ఫీ మన పాత కోటలకు, గుళ్లకు, దిబ్బలకు దొరికిన వరం. వెయ్యేళ్ల కోట దగ్గరికి వెళ్లి, దానికి వీపు పెట్టి, ఫోనుకు ముఖం పెట్టి, పళ్లు బయటపెట్టి, కోటను ఒక్కసారైనా చూడకుండా తిరిగి రావడం కన్నా మంచి పద్ధతి లేదు. పెద్దలు దీన్ని తిడుతున్నారు. వాళ్లు తెలియక తిడుతున్నారు.

మీరే ఆలోచించండి. కోటను చూస్తే ఏమవుతుంది? ఎవరు కట్టారో తెలుసుకోవాలనిపిస్తుంది. తెలుసుకుంటే, ఎందుకు కూలిందో అడగాలనిపిస్తుంది. అడిగితే, ఇప్పుడు దీన్ని ఎవరు చూసుకుంటున్నారన్న ప్రశ్న వస్తుంది. అక్కడి నుంచి ఎన్ని ఆఫీసులకు తలనొప్పి! వీపు పెట్టి నిలబడిన మనిషి ఎవరినీ ఏమీ అడగడు. దేశం ప్రశాంతంగా ఉంటుంది.

రాయికి కూడా సుఖమే. శత్రువులు చూశారు, ఫిరంగులు చూశాయి, పన్ను వసూలుకు వచ్చినవాళ్లు చూశారు. ఇన్ని వందల ఏళ్లు అందరి చూపూ మోసిన గోడకు ఇప్పుడు కాస్త విశ్రాంతి వద్దా?

మా పక్కింటి నిర్మలాదేవిని చూడండి. ఆవిడ చూడని చారిత్రక ప్రదేశం మా జిల్లాలో లేదు. కిందటేడు నేలకొండపల్లి వెళ్లి, బౌద్ధుల కాలపు స్తూపం దగ్గర పొద్దంతా గడిపాం. ఇంటికొచ్చాక ఫోను తెరిచి, "వదినా, నా చెవి కమ్మల ఎనక ఈ గుండ్రటి దిబ్బ ఏంది? మనం ఇక్కడికి కూడా పోయినమా?" అంది. వెళ్లామని చెప్పాను. ఎంత సంతోషించిందో! అదే అక్కడే చూసేసి ఉంటే ఆ ఆనందం ఒక్కసారే దక్కేది. ఇప్పుడు రెండుసార్లు వెళ్లినట్టయింది, కిరాయి ఒక్కసారిదే.

పర్ణశాలలో అయితే భక్తి కూడా కలిసొస్తుంది. బంగారు లేడి బొమ్మ పక్కన నిలబడి జనం తీసుకునే ఫొటోలకు ఆ లేడి మెడ నొప్పి పుట్టి ఉండాలి. నాకెప్పుడూ ఒకటే అనిపిస్తుంది. ఆ పొద్దు ఆ వాకిట్లో ఎవరైనా సీతమ్మకు ఒక్క ఫొటో తీసి పెట్టుకుని ఉంటే, ఆ అన్నదమ్ములు పాపం చెట్టునూ పుట్టనూ పట్టుకుని పోలికలు చెప్పుకుంటూ తిరగాల్సిన పని ఉండేదా? ఫోను తీసి చూపించేవారు. "ఈమెను చూశారా?" అంటే సరిపోయేది.

నవ్వకండి. మనిషిని వెతకాల్సి వచ్చినప్పుడు మొదట అడిగేది ఫొటోయే.

నాకు చదువెట్లా వచ్చిందని కొందరు అడుగుతుంటారు. నేను బడికి వెళ్లలేదు. పెళ్లయి, పిల్ల పుట్టిన తర్వాత కొన్నేళ్లు రోజూ పొద్దుగూకేవేళ పెనుబల్లిలో బస్సులు ఆగే చోట నిలబడేదాన్ని. వచ్చే ప్రతి బస్సు బోర్డూ చూసేదాన్ని. చూడగా చూడగా సత్తుపల్లి ఏదో, కొత్తగూడెం ఏదో, మణుగూరు ఏదో తెలిసిపోయింది. అక్కడి నుంచి గోడల మీది ఎన్నికల రాతలు, అక్కడి నుంచి పేపరు, అక్కడి నుంచి పుస్తకాలు. అందువల్ల ఖిల్లా ముందు నిలబెట్టిన చరిత్ర బోర్డును మొత్తం చదివే మనుషుల్లో నేనొకదాన్ని. ఆ బోర్డు చాలా ఉపయోగపడుతోంది. దానికి హెల్మెట్లు తగిలిస్తారు.

సరే, నిన్న వెళ్లాం. నేను, సాయిప్రియ, మమ్మల్ని వదిలి ఉండలేని నిర్మలాదేవి. కారు రమణది. కొత్తగూడెం పిల్లవాడు, మంచివాడే, కానీ కాలు బ్రేకు మీద ఉన్నా మనసు యాక్సిలరేటర్ మీద ఉంటుంది.

"అమ్మా, జల్దీ రావాలె. ఖిల్లా ఏడికీ పోదు గానీ నా కారు పెట్టిన జాగా పోతది" అన్నాడు.

లోపల అడుగు పెట్టగానే నా వాదనకు సాక్ష్యాలు కనబడ్డాయి. ఒక కుర్రవాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని బురుజు మీద ఎగిరెగిరి దూకుతున్నాడు, ఇంకొకడు కింద పడుకుని రీలు తీస్తున్నాడు. ఎన్ని యుద్ధాలు జరిగినా అంత పట్టుదలగా ఆ బురుజును ఎవరూ ఎక్కి ఉండరు. మెట్లబావి దగ్గర పెళ్లి కాబోయే జంట ఒకటి రంగుపొగ వదిలి అందులోంచి నడిచి వస్తోంది. దగ్గొచ్చినప్పుడల్లా మళ్లీ నడుస్తోంది. బావి తవ్వించిన పుణ్యాత్ముడు నీళ్ల కోసం తవ్వించానని భ్రమపడ్డాడు కానీ, అంత చక్కని మెట్లు నీళ్లకెందుకండీ?

నేను మెట్ల మీద నిలబడి చూస్తుంటే వాళ్ల ఫొటోగ్రాఫరు వచ్చాడు.

"పెద్దమ్మా, జర పక్కకు జరుగుతవా? ఫ్రేములకు వస్తున్నవ్."

"రానీ నాయనా. నాకు కావాల్సింది అదే" అన్నాను.

"అట్లంటే ఎట్ల పెద్దమ్మా? రేపు పెండ్లిపిల్ల ఎవలీమె అని అడుగుతది."

"ఎవరో ఒకరు అడగాలి కదా. నా ముఖం సరిగ్గా పడిందా లేదా చూడు" అన్నాను. అతను కెమెరా మూసేశాడు. నా లెక్క ప్రకారం ఇప్పటికి చాలామంది అపరిచితుల ఆల్బముల్లో నేనున్నాను. ఎక్కడికి వెళ్లినా ఎవరి సెల్ఫీ వెనకైనా నిలబడి కెమెరా వైపు చూస్తాను. రేపు నేను తప్పిపోతే నన్ను వెతకడానికి బోలెడు ఫొటోలు!

ఈ పిచ్చి ఎందుకో చెప్పేస్తాను, లేకపోతే మీరు మా నిర్మలాదేవిలాగే ఏదో ఊహించుకుంటారు.

నా పెళ్లయిన కొత్తల్లో ఖమ్మంలో ఉండే మా మేనమామ మా వాళ్లందరినీ ఈ ఖిల్లాకే తీసుకొచ్చి, స్టూడియో ఆయనను పిలిపించి గ్రూపు ఫొటో తీయించాడు. మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, "కదలొద్దు" అని ఒక కేక. అందరం ఊపిరి బిగబట్టి కెమెరాను చూశాం. మా తమ్ముడు సీతయ్య ఒక్కడే చివరి క్షణంలో గోడవైపు తిరిగాడు. పెళ్లికూతురి నుంచి చంకలో బిడ్డ దాకా అందరి ముఖాలూ పడ్డాయి. వాడిది వీపు పడింది. కుడిచెయ్యి గోడ మీద పెట్టి ఉంది. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, రాయి కనబడితే మనిషి కనబడడు.

వాడికి ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. కొన్నేళ్ల తర్వాత దాన్ని మా అమ్మ పోలీసుస్టేషనుకు తీసుకెళ్లాల్సి వచ్చింది. అక్కడి ఎస్సై తిప్పి తిప్పి చూశాడు.

"ముఖమేదమ్మా?"

"ఆ వీపు చూస్తే చాలయ్యా, మాకు తెలిసిపోద్ది" అంది మా అమ్మ.

"మీకు తెలుస్తదమ్మా. మాకెట్ల తెలుస్తది?" అన్నాడాయన. మంచిగానే అన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు కూడా.

కనుక పాఠకులారా, మనవి ఏమిటంటే, కోటను చూడకండి. కోటను చూసేవాళ్లే తప్పిపోతారు. ఫోనునే చూడండి!

నిన్న అదే గోడ దగ్గర ముగ్గురం నిలబడ్డాం. చోటు నేనే వెతికి పట్టుకున్నాను. నిర్మలాదేవి చెయ్యి పొడుగు కనుక ఫోను ఆవిడ పట్టుకుంది. "ఇటు సూడుండ్రి. వదినా, నవ్వు. ఎవలో కొట్టినట్టు పెట్టకు ముఖం" అంది. నేను సాయిప్రియ గడ్డం పట్టుకుని ఫోనువైపు తిప్పి పెట్టాను. జుట్టు చెవుల వెనక్కి తోశాను. అంతా సిద్ధమైంది.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం. ఇది చూడు" అంది సాయిప్రియ.

"తర్వాత చూస్తా. ముందు ఫోను చూడు."

"ఇక్కడ వేలు పెట్టమ్మమ్మా. బండ అంచున వరసగా గుంటలున్నాయి చూడు. రాయిని చీల్చడానికి ఉలితో కొట్టినవి. ఒక్కో గుంటలో ఒక్కో మేకు దిగ్గొట్టి చీల్చేవాళ్లు. కొట్టినాయన చెయ్యి ఇక్కడే ఉండుంటది. నీ వేలు సరిగ్గా పడుతది, చూడు."

నా చెయ్యి పట్టుకుని లాగింది. వేలు పెట్టాను. సరిగ్గా పట్టింది. లోపల చల్లగా, నున్నగా ఉంది.

ఫోను క్లిక్కుమంది.

ఫొటోలో నిర్మలాదేవి ముఖం నిండుగా, చెవి కమ్మలతో సహా, చందమామలా పడింది. ఆవిడ వెనక రెండు వీపులు. ఒకటి సాయిప్రియది, ఒకటి నాది. ఇద్దరి కుడిచేతులూ గోడ మీద ఉన్నాయి.

"ఇన్ని తిప్పలు పడి వచ్చి, నీ ముఖం నువ్వే తిప్పుకున్నవేంది వదినా? ఈ వీపులెవరికి కావాలె? తీసేసి ఇంకోటి దిగుదాం" అంది నిర్మలాదేవి.

"తీసెయ్యకు. నాకు పంపు" అన్నాను.

ఇంకొకటి దిగుదామనే అనుకున్నాం. ఈలోపు రమణ హారను మోగించడం మొదలుపెట్టాడు. కారు దగ్గరికొస్తే, "ఏం సూసిన్రమ్మా ఇంతసేపు?" అని అడిగాడు.

"గోడ" అంది సాయిప్రియ.

"ఉత్త గోడనా?" అన్నాడు. దారంతా ఆ గుంటల గురించే ఇద్దరూ మాట్లాడుకున్నారు. వచ్చే వారం వాళ్లావిడను తీసుకొచ్చి వేలు పెట్టిస్తాడట.

ఇంతసేపూ నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. కోటను చూసేవాళ్ల ముఖాలు ఫొటోలో పడవు. కాకపోతే ఆ పాత ఫొటోలో మా వాడి చెయ్యి గోడ మీద ఎందుకుందో ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరికీ తెలియదు. కెమెరాకు ముఖం పెట్టి, ఊపిరి బిగబట్టి, వాడి పక్కనే నిలబడ్డాం కదా, ఒక్కరం కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నాకు నిన్ననే తెలిసింది.

ఈ పొద్దున సాయిప్రియను కొత్తగూడెం బస్సెక్కించాను. బోర్డు నేనే చదివి ఎక్కించాను. చేరాక మెసేజ్ పెట్టింది. అక్కడ సిగ్నలు సరిగ్గా ఉండదట. ఆదివారం వస్తానంది.

మా తమ్ముడు సీతయ్య కూడా పినపాక అడవికే వెళ్లాడు, రాకాసి గుళ్లు చూసొస్తానని, భుజాన సంచితో. తిరిగి రాలేదు. అది 1979, మాఘమాసం.