భుజం మీద చెయ్యి

పొద్దున ఎండ ముదరకముందే భుజం మీద చెయ్యి వేసే సీను అయిపోవాలి, ఆ తర్వాత అంజలి ఇంటికెళ్లి సంగటి కెలకాలి. అనుకున్నది అంతే. ఉరవకొండ అవతల వేరుశనగ చేలో సినిమా తీస్తున్నారు. బోరు ఎండిపోయిన రైతు, తన భార్య పక్కన కూలబడి ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. రైతు వేషం హైదరాబాదు నుంచి వచ్చిన అభిలాష్‌ది. భార్య వేషానికి ఊరంతా వెతికి అంజలిని పట్టుకుని, ముందురోజే రెండు చిన్న సీన్లు తీశారు.

నటులు ఒకరినొకరు తాకే సీన్లకని నందిని అనే అమ్మాయి వచ్చింది. ఎక్కడ తాకాలి, ఎంతవరకు అన్నది ఇద్దరినీ ముందే అడిగి తేల్చుకుని, నాట్యం నేర్పినట్టు నేర్పుతుంది. ఇంటిమసీ కోఆర్డినేటర్ అంటారట. ఇద్దరి మధ్య పొడవాటి దిండు ఒకటి పెట్టి రిహార్సల్ మొదలుపెట్టింది.

"భుజం మీద చెయ్యి వేస్తే పరవాలేదా అండీ? వద్దంటే వద్దు," అంది.

అంజలిని ఇలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పెళ్లిచూపుల్లో కూడా నచ్చిందా అని నరేంద్రనే అడిగారు. "భుజమయితే సరే. మెడ వద్దు," అంది చివరికి. అంత మాట తన నోటితో తానే అన్నందుకు ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. ఇక ఈ వేషం పోగొట్టుకోకూడదనుకుంది.

గట్టు మీద కూర్చున్న నరేంద్రకు ఇది రుచించలేదు. "ఏం మేడమ్, దాన్ని అడుగుతాండారు, మొగున్ని నన్ను అడగరా?"

మర్యాదకు పోయి నందిని ఒక్క తప్పు చేసింది. "మీకేమైనా అభ్యంతరమా అండీ?" అని అడిగింది. దాంతో పని చెడింది.

"మా నాయన ఉండంగా నేనెట్ల చెప్పేది?" అన్నాడు నరేంద్ర.

నాయన హనుమంతరాయుడు వచ్చాడు. కోడలి వైపు చూడకుండానే సంగతంతా విన్నాడు. "ఊరనేది ఒకటి ఉండాది కదప్పా. సర్పంచుకు చెప్పకుంటే ఎట్లా?" అన్నాడు. సర్పంచు చెన్నమ్మ. కాబట్టి ఆమె భర్త రామదాసు వచ్చాడు. డైరెక్టరు ఆయనకు కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. అప్పటికి ఎండ నడినెత్తికెక్కింది.

సినిమావాళ్లు తనను అడగడం రామదాసుకు ఇదే మొదలు. మనిషి ఉబ్బిపోయాడు. "ఉత్త భుజమేందప్పా? సినిమా అన్నాక గట్టిగా కావలించుకోవల్ల. మనూరికి పేరొస్తాది. ఏమంటావు హనుమంతరాయా?"

పెద్దాయన కాదనలేక తలూపాడు. తండ్రి ఊపాక కొడుకూ ఊపాడు. డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. "అందరూ ఒప్పుకున్నారు, కానివ్వండి," అన్నాడు.

నందిని అంజలి దగ్గరికి వచ్చింది. "మీరేమంటారు?"

"భుజం అని చెప్పినా కదా మేడమ్. కౌగిలి వద్దు."

గట్టు మీద గగ్గోలు పుట్టింది. "పొద్దున్నుంచి ఇంతమంది పెద్దోళ్లం కూర్చోని ఒప్పుకుంటే, నడుమ నువ్వెవరమ్మా వద్దనేకి?" అన్నాడు రామదాసు.

"నలుగుర్లో నా పరువు తీస్తాండావే," అన్నాడు నరేంద్ర. మొగుడి పరువు పరాయివాడి కౌగిట్లో ఉంటుందని అంజలికి అంతవరకు తెలియదు. ఒళ్లు మండిపోయింది. "వద్దంటే వద్దు," అంది.

ఆమె చెప్పాక ఇక మాటల్లేవంది నందిని. పెద్దలు అలిగి భోజనాలకు వెళ్లిపోయారు. అంజలి మాట నిలిచింది కానీ వేషం నిలవలేదు. కౌగిలి రుచి మరిగిన డైరెక్టరు భుజం సీను ఇక అక్కర్లేదన్నాడు. ఆమె వేషానికిచ్చిన చీర తీసుకుని దిండుకు చుట్టించాడు. అభిలాష్ దాన్ని కావలించుకుని ఏడుస్తుంటే వెనకనుంచి తీశారు. పక్కన నిలబడి చూస్తున్న అంజలికి ఏడుపొచ్చింది.

సినిమా వచ్చినప్పుడు రామదాసు ఇంట్లో టీవీ ముందు అందరూ చేరారు. ముందు తీసిన సీన్లలో అంజలి ముఖం కనబడింది. ఆ తర్వాత కౌగిలి వచ్చింది.

"చూసినారా, ఆపొద్దు అంత ఎగిరినా, కడాకు పెద్దోళ్ల మాట వినింది. ఎంత అణకువగా చేసినాదో," అన్నాడు రామదాసు.

"నేను చెప్పినా కాబట్టే," అన్నాడు నరేంద్ర. హనుమంతరాయుడు కోడలి వైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూశాడు.

"అది నేను కాదు మామా. దిండు," అంది అంజలి.

అందరూ నవ్వారు. నరేంద్ర టీవీ సౌండు పెంచాడు.

షూటింగు అయ్యాక ఊరు విడిచి వెళ్లేటప్పుడే నందిని ఆ దిండును గుర్తుగా అంజలికి ఇచ్చి వెళ్లింది. రోజూ అన్నం తిన్నాక నరేంద్ర దాని మీదే తల పెట్టి కునుకు తీస్తాడు. అంజలిని అడిగి తీసుకోడు.